రెండిటికీ పనికొచ్చే బోటు

బోటు కొందామనుకుంటున్నారా? కొనండి. ఏ బోటు కొనాలో మాత్రం నన్ను అడక్కండి. కొన్నవాణ్ణి నేనే, దాని తాళం మా ఇంట్లోనే వేలాడుతోంది, అయినా ఆ బోటు గురించి మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. అదెలా జరిగిందో చెప్తాను, కాస్త ఇలా జరిగి కూర్చోండి.

నాది కళ్ళజోళ్ళ షాపని మీకు తెలుసుగా. వారమంతా "పై వరుస కనిపిస్తోందా, కింది వరుస కనిపిస్తోందా" అని అడగడం నా పని. ఇంటికొస్తే నన్ను అడగడం ఇంట్లోవాళ్ళ పని. మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆ కార్లో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గరే కాక ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మా ఇల్లూ ఆ కారు లాంటిదే. స్టీరింగు నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

అందుకని నాకో కోరిక పుట్టింది. సెలవు రోజున ఒక్కణ్ణే సముద్రంలోకి పోవాలి. గాలం వేసుకుని, సాయంత్రం దాకా ఎవరి మాటా వినకుండా కూర్చోవాలి. చేప పడకపోయినా ఫర్వాలేదు. చేప ప్రశ్నలు వెయ్యదు, నాకది చాలు.

ఈ మాట ఉన్నదున్నట్టు చెప్తే ఇంట్లో బ్రేకు పడుతుంది. అందుకే భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, "మనమంతా కలిసి సరదాగా తిరగడానికి ఓ మోటారు బోటు కొందాం" అన్నాను.

"మనమంతా అంటే ఎవరెవరండీ?" అంది మా ఆవిడ.

"నువ్వూ, నేనూ, అమ్మాయీ, అత్తయ్యగారూ."

"మా అమ్మ కూడానా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అన్నం వడ్డించింది.

నా ఎత్తు ఇదీ. నీడ లేని, మెత్తని సీట్లు లేని, చెక్కబల్లల చేపల బోటు కొనాలి. వీళ్ళు ఒక్కసారి ఎక్కాలి, ఎండకి మాడాలి, నడుం పట్టేయాలి, ఇక జన్మలో ఎక్కమని ఒట్టు పెట్టుకోవాలి. ఆ తర్వాత బోటు నాది, సముద్రం నాది.

అందరం షోరూముకి వెళ్ళాం. అక్కడి సేల్స్‌మన్‌కి నేను రెండూగారు అని పేరు పెట్టాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

"ఇది చేపలకా, ఫ్యామిలీకా?" అన్నాను, అతని పుస్తకంలో ఓ బోటు బొమ్మ చూపించి.

"రెండూనండీ."

"అడుగు కోసుగా ఉంటుందా, చదునుగానా?"

"రెండూనండీ. ముందు కోసు, వెనక చదును. కోసుగా ఉంటే అలల్ని చీలుస్తుంది, కానీ ఆగితే ఊగుతుంది. చదునుగా ఉంటే ఊగదు, కానీ అల తగిలినప్పుడల్లా వీపు మోగుతుంది."

"మరి రెండూ ఉంటే?"

"రెండూ ఉంటాయండీ."

ఊగుతుందో మోగుతుందో తేలక, నేను కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయాను. మా ఆవిడ మాత్రం, "ఒకసారి ఎక్కి కూర్చోవచ్చా?" అంది. ఆ రకం తెప్పించాలనీ, బుక్ చేస్తేనే వస్తుందనీ అని, రెండూగారు కొలతలు మాత్రం చెప్పాడు.

"కొలతలు చాలు. మా స్కూల్లో కారు ముట్టుకునే ముందు నేల మీద సుద్దతో గీసి నేర్పుతాం. డాబా మీద గీద్దాం" అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం డాబా మీద సుద్దముక్కతో బోటు గీశాను. కోసు సరిగ్గా రాక మొదట ఇస్త్రీపెట్టెలా వచ్చింది. తుడిచి మళ్ళీ గీస్తే చెప్పులా వచ్చింది. అమ్మాయి నా చేతిలోంచి సుద్ద లాక్కుని తనే గీసింది.

అత్తగారు పడక్కుర్చీ తెచ్చుకుని కోసులో వేసుకున్నారు. అమ్మాయి గొడుగేసుకుని మధ్యలో కూర్చుంది. మా ఆవిడ భోజనం డబ్బాలు, నీళ్ళ క్యాను, మందుల సంచి, చేపలకి ఐసుపెట్టె సర్దింది. ఇంజను ఉండాల్సిన చోట బకెట్టు బోర్లించింది. నేను గాలం పట్టుకుని కాలు పెట్టబోతే గీతలో చోటు లేదు.

"నాన్నా, నువ్వు సముద్రంలో ఉన్నావు" అంది అమ్మాయి.

"ఈత వచ్చా అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు. నిజంగానే కంగారు పడ్డట్టున్నారు.

చోటు చేసుకుని నిలబడి, గాలం ఎలా విసరాలో చూపిద్దామని వెనక్కి ఊపాను. కొక్కెం పోయి పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పటికి తగులుకుంది. లాగాను. దుప్పటి వచ్చింది, దాని వెనక తాడు వచ్చింది, తాడుతోపాటు వాళ్ళ బట్టలన్నీ వచ్చాయి. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, ఏం చేస్తున్నారని అడిగాడు.

"చేపలు పడుతున్నారండీ" అంది మా ఆవిడ.

ఆయన బట్టలు తీసుకుని, మెట్ల తలుపుకి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఎండ మాడ్చేస్తోంది. అత్తగారి మొహం ఎర్రబడింది. ఇదే అదననిపించి, నా బుర్రలోంచి ఓ రూలు తీశాను.

"ఇంకో ఇబ్బంది ఉందోయ్. బోటు కదిలితే ఇంటి నుంచి బాధ్యత గల మనిషి ఒకరు ఒడ్డునే ఉండాలి. ఎటు వెళ్ళారో, ఎప్పుడొస్తారో కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో అందరికన్నా బాధ్యత ఎవరికుంటే వాళ్ళే."

అంటే మా ఆవిడే కదా. ఆవిడ ఎక్కకపోతే అత్తగారు ఎక్కరు, అత్తగారు ఎక్కకపోతే అమ్మాయి ఎక్కదు. లోపల్లోపల నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఆవిడ వెంటనే, "మంచి రూలేనండీ. కొనేద్దాం" అంది.

అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. బోటు వచ్చేదాకా ఆవిడ సాయంత్రాలు ఆలస్యంగా వచ్చేది. "క్లాసుందండీ" అనేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించానే తప్ప, ఏం క్లాసని అడగలేదు.

తీరా ఆ రోజు వచ్చింది. బోటు నీళ్ళలో దిగింది. అందరూ రేవుకి వచ్చారు. మా ఆవిడ ఎక్కి, తిన్నగా స్టీరింగు దగ్గర కూర్చుంది.

"అది నడపడానికి లైసెన్సు ఉండాలి" అన్నాను.

"ఉండాలి. మీకుందా?" అని సంచిలోంచి తనది తీసి చూపించింది. ఆ క్లాసులు ఆవిడ చెప్పినవి కావు, విన్నవి.

అమ్మాయి ఎక్కింది. అత్తగారు దిండు పట్టుకుని ఎక్కారు. నేను కాలెత్తాను.

"ఆగండి. ఒడ్డున బాధ్యత గల మనిషి ఉండాలన్నారుగా" అంది మా ఆవిడ.

"నువ్వున్నావుగా" అన్నాను.

"నేను నడపాలి. నువ్వే చెప్పమ్మా, మనింట్లో అందరికన్నా బాధ్యత గల మనిషి ఎవరు?"

"ఇంకెవరు, అల్లుడుగారే" అన్నారు అత్తగారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నోటి వెంట ఆ మాట వినాలని చెవులు కాయలు కాచేలా ఎదురుచూశాను. ఎత్తిన కాలు దించేశాను.

తాడు విప్పుతుంటే మా ఆవిడ వంగి నెమ్మదిగా అంది. "సెలవు రోజున ఎవరూ మాట్లాడకుండా కూర్చోవాలనేగా మీ కోరిక. కూర్చోండి, సాయంత్రం దాకా ఎవ్వరం ఉండం."

"నీకెప్పుడు తెలిసింది?"

"మా అమ్మని కూడా రమ్మన్నారు చూడండి, అప్పుడే."

బోటు వెళ్ళిపోయింది. ఊగిందో మోగిందో ఇప్పటికీ నాకు తెలీదు. సాయంత్రం పెట్టెనిండా చేపలతో వచ్చారు. అన్నిట్లోకీ పెద్దది పట్టింది అత్తగారట.

ఆ రోజు బోటు కనుమరుగయ్యాక నేను గాలం ఒళ్ళో పెట్టుకుని రేవు బెంచీ మీద కూలబడ్డాను. అప్పటికే అక్కడ ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్ళోనూ గాలం ఉంది.

"మీది చేపల బోటా, ఫ్యామిలీ బోటా?" అని అడిగాడు.

"రెండూనండీ" అన్నాను.

"మాదీ అంతే" అని, పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.