ఫొటోకి ఒప్పుకున్న అప్పలస్వామి

బెంగాలీల ఊళ్లో, గోల్‌బజార్‌లో బట్టల కొట్టు నడిపే అప్పలస్వామికి లేటు వయసులో ఫొటో పిచ్చి పట్టింది. పక్క కొట్టు విజయ్‌కుమార్ ఎక్కడో రెండు ఫ్యాన్లు దానం చేసి, వాటికంటే పెద్దగా తన ముఖం ఫేస్‌బుక్‌లో పెట్టించుకున్నప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

అవకాశం చూస్తే ఇంట్లోనే ఉంది. భార్య రాజ్యలక్ష్మి వాళ్లుండే న్యూ సెటిల్‌మెంట్ పేటలో తెలుగు మహిళా సంఘానికి కార్యదర్శి. ప్రతి ఆదివారం ఆసుపత్రి బయట రోగుల తాలూకు వాళ్లకు సంఘం భోజనం పెడుతుంది. ఆ ఫొటోలు సంఘం పేజీకి ఎక్కుతాయి. పప్పు బకెట్ పట్టుకుని నిలబడితే చాలనుకున్నాడు అప్పలస్వామి. నిలబడ్డాడు. సాయంత్రం పేజీ తెరిస్తే బకెట్ ఉంది, గరిటె ఉంది, ఆయన మోచేయి ఉంది.

"మోచేయి సూసి నన్నెవులు గుర్తుపడతారు రాజ్యం?" అన్నాడు నీరసంగా.

"గుర్తుపట్టకూడదనే కదండీ రూలు పెట్టుకున్నాం. వడ్డించినోళ్ల ముఖాలేసుకోడానికి ఇదేటి, పెళ్లి ఆల్బమా?"

ఆ నియమాలు రిటైరైన టీచరు ఎవాంజలిన్, రాజ్యలక్ష్మి కలిసి రాసుకున్నవి. తినేవాళ్ల ముఖం వాళ్లు ఇష్టపడి సరేనంటేనే పెట్టాలి, వద్దంటే వెంటనే తీసెయ్యాలి. కింద ఎవరేం రాసినా తగాదాకి దిగకూడదు. సొంత కొట్ల గురించి, సొంత మొగుళ్ల గురించి అందులో రాయకూడదు. ఈ చివరిది తన కోసమే పెట్టారని అప్పలస్వామి అనుమానం.

వాటినే తిరగేస్తుంటే ఆయనకు ఒక సందు దొరికింది. వడ్డించేవాడి ముఖం కుదరదు గానీ తినేవాడి ముఖం కుదురుతుంది.

మరుసటి ఆదివారం రాజ్యలక్ష్మి వంట దగ్గర ఉండగా చూసి, వెళ్లి బంతిలో కూర్చున్నాడు. ఫొటోలు తీసే మీనాకుమారి ఆ వారమే సంఘంలో చేరింది, ఆయన్ని ఎరగదు. ముఖం పెట్టవచ్చా అని అడిగింది. నిజంగా ఇష్టమేనా, మొహమాటం ఏమీ లేదు కదా అని మళ్లీ అడిగింది. ఆయన జుట్టు సవరించుకుని, భేషుగ్గా పెట్టుకోమని చెప్పి, భోజనం గురించి నాలుగు మంచి మాటలు కూడా పలికాడు.

సాయంత్రానికి పేజీ నిండా ఆయన ముఖమే. కింద ఆయన మాటే పొల్లుపోకుండా ఉంది: "ఇంత కమ్మటి కూడు తిని ఎన్నాళ్లయిపోనాదో."

సోమవారం గోల్‌బజార్ గోల్‌బజారంతా పరామర్శకి దిగింది. చేపలమ్మే బెంగాలీ దాదా తూకం అయ్యాక మరో రెండు ముక్కలు వేసి, ఆయన భుజం నొక్కాడు. విజయ్‌కుమార్ వచ్చి, కొట్టు అమ్మే ఆలోచన ఉంటే ముందు తనకే చెప్పమన్నాడు. పలాస నుంచి బావమరిది ఫోన్ చేసి, మా అక్క మీకు వండిపెట్టడం మానేసిందా బావా అని ఏడవడం ఒక్కటే తక్కువగా అడిగాడు.

అప్పలస్వామి కొట్టు మూసి ఇంటికి పరుగెత్తాడు. రాజ్యలక్ష్మి వాలకం చూస్తే ఆమెకూ ఫోన్లు వచ్చినట్టే ఉంది.

"రాజ్యం, ఆ ఫొటో తీయించీ."

"తిన్నోళ్లు అడిగితే తీస్తాం. మీరు తిన్నోళ్లా, ఫొటో కోసం కూకున్నోళ్లా?"

తిన్నవాణ్నేనని గొణిగాడు. ఫొటో ఆ క్షణమే పోయింది. కానీ అప్పటికే అది ఊళ్లో అటు పూరీ గేట్ దాకా ఫోన్లన్నిటిలోకీ చేరిపోయింది. పైగా, తీసేశారంటే పాపం సిగ్గుపడ్డాడు కాబోలని ఊరి జాలి ఇంకాస్త పెరిగింది.

మనకేమీ లోటు లేదని పేజీలో ఒక ముక్క రాయించమని భార్యను బతిమాలాడు. పేజీలో నిజం తప్ప మరోటి రాయకూడదు కాబట్టి ఎవాంజలిన్ టీచరు నిజమే రాసి పంపింది. రాజ్యలక్ష్మి చదివి వినిపించింది: "ఫొటోలోని వ్యక్తికి తిండికి లోటు లేదు. ఫొటోలో పడాలన్న కోరికతో బంతిలో కూర్చున్నారు."

"మీరు సరేనంటేనే పెడతాం," అంది. "మొహమాటం ఏటీ నేదు కదా?"

జాలిపడే ఊరా, నవ్వే ఊరా అని అప్పలస్వామి చాలాసేపు ఆలోచించాడు.

"వద్దులే," అన్నాడు.

తర్వాతి ఆదివారం తల వంచుకుని పప్పు వడ్డిస్తుంటే, బంతిలో ఉన్న ఒక బెంగాలీ ముసలమ్మ, కిందటి వారం తినడానికి కూర్చున్న మనిషేనని ఆయన్ని పోల్చుకుంది. తన విస్తరి పక్కకి జరిపి నేల మీద చేత్తో తట్టి, "బోషో బాబా," అంది. కూర్చోమని, ముందు తినమని సైగ చేసింది. ఆయన దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

రాజ్యలక్ష్మి వచ్చి ఆయన చేతిలోంచి బకెట్ తీసుకుంది.

"కూకోండి. పెద్దావిడ పిలిస్తే కాదనకూడదు."

కూర్చున్నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.