లింఫు పండితుడి బూట్లు

ఆ ఉదయం డాక్టర్ ఎవర్ట్ వేసుకున్న పథకంలో తికమకేమీ లేదు. ఉప్సలాలో డీన్ గున్‌వోర్ ఇంట భోజనం, తర్వాత విశ్వవిద్యాలయంలో ఉపన్యాసం, సాయంత్రానికి ప్రొఫెసర్ పదవి. దాని కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. ఈసారి తప్పితే అతని వయసుకి మళ్లీ ఖాళీ రాదు. అందుకని కొత్త నల్లబూట్లు కూడా కొన్నాడు.

అందరిలాగే గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్లతో భోజనానికి కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు, ఇంకొకర్ని లేవనివ్వలేదు. ఉప్పుచేపలు లాగిస్తూ లింఫు పురాణం అందుకున్నాడు.

"రక్తనాళాల్లోంచి నీరు ఒంట్లోకి ఊరుతూనే ఉంటుంది. వెనక్కి చేరకుండా మిగిలింది లింఫు నాళాలు ఏరుకొచ్చి మళ్లీ రక్తంలో కలుపుతాయి. వాటికి గుండెకాయ లేదు మరి! నాళాలు కాస్త పిండుకుంటాయనుకోండి, కానీ పిక్క కదిలితేనే నీరు జోరుగా పైకెక్కేది. జారిపోకుండా లోపల కవాటాలు. ఒకేచోట కూలబడేవాళ్లని చూస్తే నాకెంత జాలో!"

"కాఫీ తెస్తాను," అంటూ గున్‌వోర్ లేవబోయింది.

"కూర్చోండి, అసలు సంగతి ఇంకా రాలేదు!"

ఎంపిక సంఘంలో పెద్దవాడైన తూరే మాత్రం ఎలాగో తప్పించుకుని సభకు వెళ్లిపోయాడు. చివరికి ఎవర్ట్ లేచి బూటులో కాలు పెడితే సగమే దూరింది. వాపును చూసి బలుపనుకునేవాళ్లుంటారు. ఎవర్ట్ వాపును చూసి దొంగతనమనుకున్నాడు.

"ఇవి నావి కావు. తూరే నా బూట్లేసుకుని పోయాడు!"

"నీ కాళ్లకి నీరు పట్టినట్టుంది, ఎవర్ట్."

"కాళ్ల వాపు గురించి నాకే చెబుతారా?"

గున్‌వోర్ నిట్టూర్చి, తోటపనికి వాడే చెక్కచెప్పులు ఇచ్చింది. బూట్లు చంకలో పెట్టుకుని, ఏటిగట్టు వెంట, ఆపైన గుట్ట మీదికి, టకటకా అడుగులేసుకుంటూ ఎవర్ట్ సభకు చేరాడు. హాలు నిండిపోయింది. ముందు వరసలో తూరే.

"నా బూట్లు విప్పు, పెద్దమనిషీ!"

"మతి గానీ పోయిందా? ఇవి మా ఆవిడ కొనిచ్చినవి."

"విప్పమంటుంటే!"

తూరే విప్పాడు. వాటిలో ఎవర్ట్ పాదాలు ఈదులాడాయి.

"అప్పుడే సాగదీసేశావన్నమాట!"

"ఆ చంకలోవి ఓసారి తొడుక్కో, నాయనా," అన్నాడు తూరే, మేజోళ్లతో నిలబడి.

తొడిగాడు. కిక్కురుమనకుండా సరిగ్గా పట్టాయి. గుట్ట ఎక్కిన పిక్కలు తమ పని తాము చేసుకుపోయాయి మరి. ఒకరు కిసుక్కుమన్నారు, ఆపైన హాలంతా గొల్లుమంది. ఎవర్ట్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా ఉపన్యాసం చివరిదాకా ఇచ్చాడు.

సాయంత్రం గున్‌వోర్ పిలిచింది. "నీ సిద్ధాంతం అక్షరాలా నిజం. అందరి కళ్లముందూ నిరూపించావు. సంఘంలో ఒక్కరికీ అనుమానం లేదు."

ఎవర్ట్ ముఖం వెలిగింది. "మరి పదవి?"

"అది ఇంకొకావిడకిచ్చాం. పాండిత్యం నీ అంత లేదు గానీ, తన కాళ్లు తాను గుర్తుపడుతుంది."

ఎవర్ట్ బస్సు కూడా ఎక్కకుండా, కళ్లు తుడుచుకుంటూ ఇంటిదాకా నడిచే వెళ్లాడు. కాళ్లకి మంచిదే.