చీటీకో గిన్నె

ఆ మంగళవారం పొద్దున మహ్రూస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా కొన్న ప్రింటరును వంటింట్లో పొయ్యి పక్కన పెట్టించాలి. ఫోనులో వచ్చే ఆర్డర్లు వాటంతట అవే చీటీలై భార్య ముందు పడాలి. తను ముందు బల్ల దగ్గర కూర్చుని, చల్లారకముందే టీ తాగాలి.

కైరోలో, షుబ్రా సందుల్లో వాళ్ళది ఆరు బల్లల హోటలు. వంటంతా ఇన్సాఫ్‌ది, మిగతాదంతా మహ్రూస్‌ది. తంటా అంతా ఆ మిగతాదాంట్లోనే. ఫోనులో వచ్చిన ఆర్డరు చూసి, కాగితమ్మీద రాసి లోపలికి అందించడం అతని పని. రాసేలోపు ఎవరైనా పలకరిస్తే ఆ ఆర్డరు గాలికి పోయేది. పోయిన వారం ఇద్దరు కస్టమర్లు ఆకలితో ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి వంటమనిషిని తిడుతూ నలుగురూ చదివేలా రాసిపెట్టారు.

"నువ్వు మర్చిపోతే చెడ్డపేరు నా చేతికా?" అని ఇన్సాఫ్ ఆ రోజు గరిటె ఝళిపించింది. "ఇరవయ్యారేళ్ళుగా తింటున్నావు. దారినపోయేవాడు కూడా నాలుగు ముద్దలు తిని 'నీ చేతులు చల్లగుండ' అని లేస్తాడు. నీ నోట్లోంచి ఆ మాట ఒక్కనాడు ఊడిపడిందా? ఇంకొక్క తప్పు జరగనీ, టాంటాలో మా అక్క దగ్గరికి పోతా. నువ్వే వండుకో!"

ఇన్సాఫ్ ఊరికే బెదిరించే మనిషి కాదు. మహ్రూస్ గుడ్డు ఉడకబెడితే నీళ్ళు మాడిపోతాయి. అందుకే ప్రింటరు వచ్చింది.

బిగించడానికి వచ్చినాయన, "ఎన్ని కాపీలు రావాలండీ?" అని అడిగాడు. తనను ఎవరైనా అంత మర్యాదగా సలహా అడిగి ఎన్నేళ్ళయిందో మహ్రూస్‌కి గుర్తులేదు.

"మూడు" అన్నాడు దర్జాగా. వండేవాళ్ళకొకటి, పొట్లం కట్టేవాళ్ళకొకటి, పట్టుకెళ్ళేవాళ్ళకొకటి. పెద్ద హోటళ్ళలో అలాగే ఉంటుందని ఎక్కడో విన్నాడు. ఆ సంగతి ఇన్సాఫ్‌కి చెప్పాలనే అనుకున్నాడు గానీ, ఈలోపు టీ వచ్చింది.

"ఇక నా రాతతో పనిలేదు. చీటీ వస్తే వండెయ్, అంతే" అన్నాడు గుమ్మంలోంచి.

"చీటీకో గిన్నె. అంతేగా?"

"అంతే."

ఆ హోటలుకి పేరు తెచ్చింది మొలోఖియా అనే ఆకుకూర. ఆ ఆకును సన్నగా తరిగి, కోడి రసంలో ఉడికించి, చివర్లో వెల్లుల్లి, ధనియాల తాలింపు పెడతారు. తాలింపు చుయ్యిమని పడే క్షణంలో వండే మనిషి గుండెలదిరేలా 'హా!' అని ఊపిరి ఎగబీల్చాలి. దాన్ని షహ్కా అంటారు. అది లేకపోతే ఉప్పూ కారం ఎంత కుదిరినా రుచి రాదని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. ఇన్సాఫ్ ప్రతి ఆర్డరుకీ విడిగా గిన్నె పెట్టి, విడిగా తాలింపు వేసి, విడిగా షహ్కా వేసేది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఏడెనిమిది షహ్కాలు బోలెడంత ఎడంతో వినబడేవి.

పన్నెండింటికి మొదటి ఆర్డరు వచ్చింది. ప్రింటరు గురగురమని మూడు చీటీలు కక్కింది. ఆవిరికి మసకబారతాయని ఇన్సాఫ్ వంటింట్లో కళ్ళజోడు పెట్టుకోదు. పెద్దక్షరాల్లో 'మొలోఖియా' అన్నది కనిపించింది గానీ, కింద చీమల్లా ఉన్న నంబరు కనిపించలేదు. "పర్లేదే, మెషీను కాలు మంచిదే!" అని మురిసిపోయి మూడు గిన్నెలు ఎక్కించింది.

హా! హా! హా!

ఇంకో ఆర్డరు, ఇంకో మూడు చీటీలు. ముందు బల్ల మీద డబ్బాలు పేరుకుపోతుంటే, డబ్బాలు పట్టుకెళ్ళే కుర్రాళ్ళు ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు కాబోలనుకుని మహ్రూస్ ఇంకో టీ తెప్పించుకున్నాడు.

పైవాటాలో ఉండే హగ్గా జకియ్యా బాల్కనీలో కూరగాయల బుట్ట తాడు పైకి లాగుతోంది. కిందనుంచి వచ్చే షహ్కాలు లెక్కపెట్టడం ఆ పెద్దావిడకు కాలక్షేపం. తొమ్మిది దాకా బాగానే లెక్కపెట్టింది. పదిహేను దాటేసరికి తాడు వదిలేసింది. బుట్ట, టమాటాలతో సహా, మందుల షాపు ముందు పడింది.

"డాక్టరూ! ఇన్సాఫ్‌కి ఎగశ్వాస వచ్చింది, పరుగెత్తు నాయనా!" అని కేక పెట్టింది.

మందుల షాపు డాక్టర్ వదీ చెవి రిక్కించాడు. హా! హా! ఇంకేం, ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని ఉరికాడు. అతని వెనక ఇస్త్రీ దుకాణం, ఆ వెనక కాఫీ కొట్టు, మొత్తం సందు. ఎవరో అంబులెన్సుకి ఫోన్ కూడా చేశారు.

వంటింట్లో ఇన్సాఫ్ చెమటతో తడిసి, ముఖం ఎర్రబడి, గరిటె ఎత్తి నిలబడి ఉంది. తాలింపు మాడుతోంది, మాట్లాడే తీరిక లేదు. ఆగమని చెయ్యి ఊపింది.

"వీడ్కోలు చెబుతోందర్రా!" అని హగ్గా బావురుమంది.

మహ్రూస్ చేతిలో టీ గ్లాసు జారి బద్దలైంది. ఇరవయ్యారేళ్ళ అన్నం ఒక్కసారి గుర్తొచ్చింది. చెప్పాల్సిన మాట ఒకటే, ఎన్నాళ్ళనుంచో ఉంది. దాని బదులు "నీళ్ళు! నీళ్ళు!" అని అరిచాడు.

అంబులెన్సువాళ్ళిద్దరూ రావడం, ఇన్సాఫ్‌ని స్ట్రెచర్ మీదికి ఎత్తడం క్షణాల్లో జరిగిపోయింది.

"దింపండిరా! గిన్నె పొంగుతోంది!" ఇన్సాఫ్ గరిటెతో ఒకడి టోపీ ఎగరగొట్టింది. "నాకేమొచ్చింది? ఆర్డర్లు! కనబట్టంలా?"

డాక్టర్ వదీ తీగకు గుచ్చిన చీటీలు తీసి ఒక్కొక్కటే చూశాడు. "అమ్మా ఇన్సాఫ్, ఈ మూడిటికీ నంబరొకటే. ఈ మూడిటికీ అంతే. నీకొచ్చినవి పదమూడు. నువ్వు వండినవి ముప్ఫైతొమ్మిది."

అందరూ మహ్రూస్ వైపు తిరిగారు. "మూడు కాపీలు నేనే చెప్పా" అన్నాడు, గోడకు చెబుతున్నట్టు.

ఇన్సాఫ్ స్ట్రెచర్ దిగి ఆప్రాన్ విప్పింది. టాంటా బస్సు ఎన్నింటికో ఆ సందులో అందరికీ తెలుసు.

అప్పుడు ఆవిడ కళ్ళు అందరి మీదికీ పోయాయి. సిలిండరు బరువుకి రొప్పుతున్న డాక్టరు, చెప్పుల్లేకుండా దిగివచ్చిన హగ్గా, పొయ్యి మీద కాఫీ వదిలేసి వచ్చిన మనిషి, టోపీ వెతుక్కుంటున్న అంబులెన్సువాడు. నిజంగా ఊపిరి ఆగి ఉంటే, ఆగనిచ్చేవాళ్ళు కాదు వీళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ అందరినీ దేవుడు చల్లగా చూడాలి" అంది, ఆప్రాన్ కొసతో ముఖం తుడుచుకుంటూ. "నిలబడ్డారేం? ఇరవయ్యారు డబ్బాలున్నాయి. కూర్చోండి!"

సందు పొడుగునా బల్లలు పరిచారు. అంబులెన్సువాళ్ళు రెండేసి డబ్బాలు తిన్నారు. లేచిన ప్రతివాళ్ళూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "నీ చేతులు చల్లగుండ ఇన్సాఫ్!" అని మరీ వెళ్ళారు. ఆవిడ అందరికీ నవ్వుతూ బదులు చెప్పింది గానీ, విప్పిన ఆప్రాన్ మాత్రం మళ్ళీ కట్టుకోలేదు.

మహ్రూస్ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. చివరికి బల్ల కింద ఫోన్ పట్టుకుని ఏదో టైపు చేశాడు.

వంటింట్లో ప్రింటరు గురగురలాడింది. ఇన్సాఫ్ విసుగ్గా చీటీ చించి, కళ్ళజోడు పెట్టుకుంది. పేరు: మహ్రూస్. మొలోఖియా ఒకటి. కింద సూచనలు రాసేచోట ఇలా ఉంది: 'నీ చేతులు చల్లగుండ ఇన్సాఫ్. ఇరవయ్యారేళ్ళకీ కలిపి.'

రెండో చీటీ చదివింది. మూడోదీ చదివింది, మొదటిసారి చదువుతున్నంత నెమ్మదిగా.

"రేపు ఆయన్ని పిలిపించి ఒక్క కాపీయే వచ్చేలా పెట్టిస్తాలే" అన్నాడు మహ్రూస్ గుమ్మం బయటినుంచే.

"ఆ మెషీను మీద చెయ్యి వేశావో, చూడు!" అంటూ ఇన్సాఫ్ ఆప్రాన్ కట్టుకుని పొయ్యి వెలిగించింది.

చీటీకో గిన్నె అన్నారు కనక, ఆ సాయంత్రం మహ్రూస్ మూడూ తినాల్సి వచ్చింది.