కారే స్లాబును ముట్టుకోకండి!

ఇంటికి రిపేరు చేయించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!

గోడ బీటవారిందని మేస్త్రీని పిలుస్తారు. స్లాబు కారుతోందని పైకెక్కి సిమెంటు పూస్తారు. కుళాయి లీకైతే సాయంత్రానికల్లా వాషర్ మార్చేస్తారు. ఆపైన హాయిగా నిద్రపోతారు. ఛీ! ఇలాంటి మనుషుల వల్లనే మన దగ్గర నిర్మాణ న్యాయశాస్త్రం ఎదగకుండా పోతోంది.

నేనెవరినో చెప్పనే లేదు కదూ? హిందూపురంలో లాయర్ని. దొంగతనాలు, విడాకులు, గట్టు తగాదాలు నేను పట్టను. నా బోర్డు మీద 'నిర్మాణ వివాదాల స్పెషలిస్ట్' అని రాసి ఉంటుంది. కట్టించుకున్నవాడికీ కట్టినవాడికీ చెడిందంటే చాలు, ఇటు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా అటు ధర్మవరం దాకా ఎవరైనా నన్ను వెతుక్కుంటూ రావాల్సిందే.

రాకేం చేస్తారు? మనవాళ్లు చెప్పులు కొనేటప్పుడు కూడా తిప్పి తిప్పి చూస్తారు. ఇల్లు మాత్రం నోటిమాట మీద కట్టించుకుంటారు. ఎంత సిమెంటు, ఎన్ని కడ్డీలు, ఎప్పటిలోగా అని కాగితం మీద రాసుకోవడం మర్యాద కాదట! మనవాడే కదా, మోసం చేస్తాడా అంటారు. ఆ 'మనవాడే కదా' అన్న మాట మీదనే నా పిల్లల చదువులు సాగుతున్నాయి.

వచ్చిన ప్రతివాడికీ నేను ముందుగా చెప్పేది ఒకటే. ముట్టుకోవద్దు! వంకర గోడను వంకరగానే ఉండనివ్వండి. కారేదాన్ని కారనివ్వండి. ఎందుకంటారా? కేసు వేయనంత కాలం అది వట్టి బీట. వేసిన మరుక్షణం అది సాక్ష్యం. సాక్ష్యానికి సిమెంటు పూసే దుర్మార్గుణ్ణి ఏమనాలి?

నా మాట విన్నవాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో చూడండి. పెనుకొండలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. అందులో మెట్లు పైదాకా పోయి గోడ దగ్గర ఆగిపోతాయి. కట్టినాయన తలుపు పెట్టడం మరిచిపోయాడు. యజమాని గోడ పగలగొట్టబోతే నేను అడ్డం పడ్డాను. ఇప్పుడు పెళ్లికొడుకులు ఆ మెట్లెక్కి, గోడకు దండం పెట్టి దిగుతున్నారు. అదేదో పాత ఆచారమని చుట్టుపక్కల ఊళ్లు నమ్మేశాయి.

హిందూపురంలోనే ఒక అపార్ట్‌మెంటు లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ ఇరుక్కుంది. దాన్నీ కదల్చనివ్వలేదు. మెట్లు ఎక్కీ దిగీ ఆ బిల్డింగులో అందరికీ షుగరు అదుపులోకి వచ్చింది. ఏ డాక్టరు చేయగలడండీ ఈ వైద్యం?

చిలమత్తూరు దగ్గర లింగప్ప అనే ఆయన గొర్రెలకు షెడ్డు కట్టించుకున్నాడు. గుమ్మం మరీ ఇరుకు. పిల్లలుగా లోపలికి పోయిన గొర్రెలు పెరిగి బయటికి రాలేకపోయాయి. గుమ్మం వెడల్పు చేయవద్దని చెప్పాను. ఇప్పుడు లింగప్ప మేతంతా లోపలికే మోసుకుపోతున్నాడు. తప్పిపోతాయన్న భయం లేదు, కుక్కల బెడద లేదు. అయినా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు.

కారే ఇంటికి ఇంకా ఎన్ని సుగుణాలు! చుట్టాలు వస్తారు గానీ రాత్రికి ఆగరు. పండక్కి సున్నం కొట్టే పని ఉండదు. సున్నం కొడితే బీట మూసుకుపోతుంది, కేసు పోతుంది. మామూలు ఇళ్లలో గోడను పట్టించుకునేవాడెవడు? మా క్లయింట్ల ఇళ్లలో ఒక్కో బీటకు ఒక్కో నంబరు ఉంటుంది.

ఇంత మేలు చేసిన మనిషికి విశ్వాసం చూపాలా వద్దా? ధర్మవరం శంకరమ్మ సంగతి చెబుతాను. మీరే తీర్పు చెప్పండి.

శంకరమ్మ, ఆమె భర్త ఆంజనప్ప పట్టుచీరలు నేసేవాళ్లు. ఇంటి వెనుక మగ్గానికని ఒక గది కట్టించుకున్నారు. కట్టింది తిరుపాల్ అనే కాంట్రాక్టరు. వాళ్లది గుంత మగ్గం. నేలలో గుంత తీసి ఉంటుంది, నేసేవాడు అందులోకి కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. మొదటి వానకే స్లాబు కారింది. నీళ్లు గుంతలోకి చేరాయి. మగ్గం మీదున్న పట్టంతా తడిసి పాడైంది. తిరుపాల్‌ను నిలదీస్తే, స్లాబు భేషుగ్గా ఉంది, మీ ఊళ్లో వానే సరిగ్గా పడటం లేదన్నాడట!

మొగుడూ పెళ్లాం నా దగ్గరికి వచ్చారు. కేసు వేశాను. గదిలో ఒక్క పెచ్చు కూడా రాల్చవద్దని గట్టిగా చెప్పాను. ఫొటోలు తీయించాను. కారిన మచ్చ కింద శంకరమ్మను నిలబెట్టి, తేదీ తెలియడానికి ఆ రోజు దినపత్రిక చేతికిచ్చాను. ఎంత నిండుగా వచ్చింది ఆ ఫొటో! ఆమె మాత్రం నవ్వలేదు.

మగ్గం విప్పి, టార్పాలిన్ పట్టలో చుట్టి వంటింట్లో ఒక మూలన పెట్టారు. తడి గదిలో పట్టు నేయలేరు కదా. ఆంజనప్ప బెంగళూరు పోయి బిల్డింగు పనుల్లో కాంక్రీటు మోయడానికి కుదిరాడు. చూశారా భాగ్యం! కూర్చున్నచోట కూర్చుని నేసుకునే మనిషికి నిర్మాణ రంగంలో అనుభవం వచ్చింది. రేపు బోనెక్కితే స్లాబు గురించి సాధికారంగా మాట్లాడగలడు. క్లయింటుకు ఇంత ట్రైనింగు ఇప్పించిన లాయరు ఇంకొకడు ఉంటే చూపించండి.

గది చూసి రిపోర్టు ఇవ్వమని కోర్టువారు ఒక లాయరును కమిషనర్‌గా వేశారు. ఆయనకు తీరిక దొరికింది నడివేసవిలో. ఆయన, నేను, తిరుపాల్ తరఫు లాయరు ఒకే కారులో బయల్దేరాం. సోమందేపల్లి దగ్గర దిగి టీ తాగాం. తిరుపాల్ లాయరు చాలా మంచివాడు లెండి, రోజూ నాతో షటిల్ ఆడతాడు. కమిషనర్ గది మధ్యలో నిలబడి పైకి చూశాడు. 'కారడం లేదు' అని రాసుకున్నాడు.

శంకరమ్మ గబగబా పోయి బిందెతో నీళ్లు మోసుకెళ్లి స్లాబు మీద కుమ్మరించింది. చుక్కలు టపటపా రాలాయి. తిరుపాల్ లాయరు వెంటనే అబ్జెక్షన్ చెప్పాడు. ఇది కృత్రిమ వాన, నా క్లయింటు కట్టింది సహజమైన వానకు అన్నాడు. ఆహా! ఎదుటిపక్షం వాడైనా మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. మేము తీయించిన ఫొటో పేపరు తేదీకి సాక్ష్యమే గానీ కారడానికి కాదని కూడా తేల్చేశాడు. బిందె నీళ్లు లెక్కలోకి రావని, వానాకాలంలో మళ్లీ వస్తానని కమిషనర్ సెలవిచ్చాడు.

వానాకాలం రానే వచ్చింది. వాన పడ్డ రోజు కమిషనర్‌కు వేరే పని. ఆయన ఖాళీగా ఉన్న రోజు ఎండ. రెండూ కుదిరిన రోజు కోర్టుకు సెలవు. ఇందులో నా తప్పేముంది? మబ్బులకు సమన్లు పంపే సెక్షను ఇంకా రాలేదు.

ఒకరోజు శంకరమ్మ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పట్టు ఇచ్చే సావుకారు, ఇప్పటికైనా మగ్గం మళ్లీ గుంతలో దించి నేయకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడట. ఆంజనప్పేమో ఇక మగ్గం అమ్మేద్దాం, నువ్వూ బెంగళూరు వచ్చేయి అంటున్నాడట. అక్కడ రేకుల షెడ్డులో ఉండి ఆమె కూడా ఇటుకలు మోయాలట. చిన్నప్పటినుంచీ తెలిసిన పని ఒక్కటే సార్, అదీ పోతోందని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది.

"సార్, ఉండేది ఉన్నట్టు కోర్టోళ్లకు చూపిచ్చి, ఆమీట మేం బాగుచేసుకుంటామని అడిగేదానికి లేదా?" అంది.

ఉంది. ఎందుకు లేదు? చిన్న పిటిషన్ వేస్తే చాలు. ఒక ఇంజనీరును పంపి, ఉన్నదంతా రాయించి, ఇక బాగుచేసుకోండని కోర్టువారు అనుమతిస్తారు.

కానీ పాఠకులారా, అడిగితే ఇచ్చేస్తారు! అదే కదా ప్రమాదం. ఇచ్చేస్తే గది బాగుపడుతుంది. గది బాగుపడ్డాక క్లయింటుకు కేసు మీద శ్రద్ధ ఎక్కడ ఉంటుంది? నెత్తిన చుక్క పడుతున్నంత కాలమే మనిషి వాయిదాకు టైముకు వస్తాడు. అందుకని చూద్దాంలేమ్మా అని పంపించేశాను.

ఆమె చూస్తూ కూర్చోలేదు. మేస్త్రీని పిలిపించి, స్లాబు మీద పాత పూతంతా చెక్కించి కొత్తగా వేయించింది. నాకు మాట మాత్రమైనా చెప్పలేదు! లాయరును అడగకుండా సొంత కప్పు బాగుచేసుకోవడమా? ఎంత తెగింపు!

సరిగ్గా ఆ తర్వాతే తెరిపి లేకుండా వాన పట్టుకుంది. కమిషనర్ ఖాళీగా ఉన్నాడు. కోర్టుకూ సెలవు లేదు. సంగతి తెలియని నేను సంబరంగా కారెక్కాను. ధర్మవరంలో ఆ వీధంతా నీళ్లు. ప్యాంట్లు పైకి మడుచుకుని, గొడుగులు మూసుకుని ముగ్గురం గదిలోకి అడుగుపెట్టాం.

గది పొడిగా ఉంది. మగ్గం దించి ఉంది. బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఆంజనప్ప గుంతలో కాళ్లు పెట్టుకుని ఎర్ర పట్టుకు జరీ అంచు నేస్తున్నాడు. ఎంత ఘోరం!

'జోరువానలోనూ కారడం లేదు' అని కమిషనర్ రాసుకున్నాడు. శంకరమ్మ ఏమీ దాచలేదు, బాగుచేయించింది తామేనని చెప్పింది. చూసిందే రాస్తాను, విన్నది రాయడం నా పని కాదన్నాడాయన. ఆ రిపోర్టును తిరుపాల్ ఇప్పుడు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాడు. కోర్టువారు మెచ్చిన స్లాబు అని కొత్త గిరాకీలకు చూపిస్తున్నాడు!

నేను అంత తేలిగ్గా వదిలే రకమా? అక్కడే, ఆ వానలోనే శంకరమ్మను పక్కకు పిలిచాను. మించిపోయింది లేదు, ఆ కొత్త పూత మళ్లీ చెక్కించేద్దాం, మునుపటిలాగే చక్కగా కారుతుంది, ఇంకో కమిషనర్‌ను వేయిస్తానని ధైర్యం చెప్పాను. ఆంజనప్ప నేయడం ఆపి తలెత్తాడు. శంకరమ్మ నా మొహంలోకి చూసింది.

"కేసు మీరు పెట్టుకోండి సార్," అంది. "గది మాకు ఇడ్సిపెట్టండి."

అనేసి లోపలికి పోయింది. మగ్గం మళ్లీ ఆడటం మొదలుపెట్టింది. చూశారా మనుషులు ఎలా ఉన్నారో!

ఆ కేసు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. వాయిదాలకు శంకరమ్మ రాదు. ఆంజనప్పకు నేత పని తెమలదట. తిరుపాల్ కొత్త బిల్డింగుల హడావుడిలో ఉన్నాడు. నేనూ తిరుపాల్ లాయరూ మాత్రం తప్పకుండా పోతున్నాం. మొన్న జడ్జిగారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఇంతకూ ఈ కేసు ఎవరికి కావాలని సూటిగా అడిగారు. జవాబు చెప్పడానికి లాయర్లిద్దరం కలిసి వాయిదా అడిగాం.