సరస్సు అడ్డొస్తోంది

సరస్సు ఒడ్డున ఉన్న ఊరికి సరస్సును మించిన శత్రువు లేదు.

ఆవేశపడకండి, ఆలోచించండి. సరస్సు ఏం చేస్తుంది? ఊరికే ఉంటుంది. దాన్ని చూసినవాడు కూడా ఊరికే ఉండిపోతాడు. పొద్దున కాఫీ పట్టుకుని ఒడ్డున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవడు. అలాంటివాడి వల్ల ఊరికి ఒరిగేదేమిటి? దేశానికి ఒరిగేదేమిటి? ఈ దుస్థితి నుంచి మానవజాతిని గట్టెక్కించడానికి వెలసిన మహత్తర సాధనమే సెల్ఫీ పాయింట్. దాని ఘనత తెలియాలంటే ఇండోనేషియాలో తోబా సరస్సు ఒడ్డున, లుంబన్ తొంగా అనే చిన్న ఊళ్ళో, మారోలోప్‌కు జరిగింది తెలుసుకోవాలి.

మారోలోప్‌కు అక్కడొక గెస్ట్‌హౌస్ ఉంది. నాలుగు గదులు, వాటి ముందు పొడుగాటి వరండా, వరండా ముందు ఒక చిన్న తోట, తోట అవతల నీళ్ళు. ఆ తోట మాత్రం ఆయనది కాదు, బావమరిది తోగర్‌ది. అందులో అరటిచెట్లూ మేకలూ తప్ప ఏమీ లేవు కాబట్టి, అది ఎవరిదైతే ఏమిటిలే అని ఏళ్ళ తరబడి అందరూ అనుకున్నారు.

మారోలోప్ భార్య దూమా రోజూ తెల్లవారకముందే లేచి, కాఫీ కలుపుకుని, వరండా చివరి మెట్టు మీద కూర్చునేది. కాఫీ అయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. నీళ్ళ మీది మంచు విడిపోయి అవతలి కొండలు కనబడేసరికి ఆమె కాఫీ కూడా అయ్యేది. ఇక లేచి వంటింట్లోకి వెళ్ళిందంటే, మళ్ళీ దీపాలు ఆర్పేదాకా ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. భార్య మౌనంగా ఉండే ఆ కాస్త సమయాన్ని మారోలోప్ తన అదృష్టమనుకున్నాడే తప్ప, ఎందుకని ఎన్నడూ అడగలేదు.

ఇలా ఉండగా జకార్తా నుంచి ఒక జంట దిగింది. దూమా వండిన చేపల కూర పూటపూటా తిని, వేళ్ళు నాకి, సెలవు తీసుకుని వెళ్ళారు. వెళ్ళాక ఇంటర్నెట్లో ఇలా రాశారు: "చుట్టుపక్కల చేయడానికి ఏమీ లేదు. సరస్సు ఉంది. అంతే."

మారోలోప్ ఆ మాటలను కల్లు కొట్టులో చదివి వినిపించాడు. చదరంగం ఆడేవాళ్ళు చెయ్యి గాల్లో ఆపారు. గిటార్ వాయించేవాడు గిటార్ ఆపాడు. ఊరిపెద్ద పోయిన రోజున కూడా ఆ కొట్టులో గిటార్ ఆగలేదు.

"అంతే అంటారా?" అన్నాడు కొట్టు యజమాని. "వాళ్ళ ఊళ్ళో ఏముందట, ట్రాఫిక్ తప్ప?"

"కోపం తెచ్చుకుంటే లాభం లేదయ్యా, ఉపాయం ఆలోచించాలి," అన్నాడు మారోలోప్. కుర్చీ ఎక్కలేదు గానీ ఎక్కినంత పని చేశాడు. "జనం సరస్సు చూడ్డానికొస్తారా? సరస్సు ముందు తామెలా ఉన్నారో చూసుకోడానికొస్తారు. వాళ్ళు నిలబడ్డానికి మనమో చోటు కట్టాలి. కడితే టికెట్ పెట్టొచ్చు."

"దేవుడిచ్చిన నీళ్ళకి టికెట్టేంటయ్యా?"

"నీళ్ళకెవడు పెట్టాడు? నిలబడ్డానికి."

అందరూ తలో మాటా అన్నారు. మూల కూర్చున్న తోగర్ మాత్రం పెదవి కదపలేదు. ఆ ఊరివాళ్ళది బతాక్ తెగ. బతాక్‌ల ఊళ్ళో ఒక మనిషి వాదనలో నోరు విప్పలేదంటే ఒప్పుకున్నాడని కాదు, ఎస్టిమేటు వేసుకుంటున్నాడని.

ఊరు కదిలింది. పడవల రేవులో గులాబీరంగు చెక్కతో గుండె ఆకారం ఒకటి లేచింది. దాని పక్కన హాలెండ్ గాలిమర. గాలిమర పక్కన ఎక్కడికీ ఎగరని విమానం. రెక్క మీద నిలబడితే వేరే రేటు. పాస్టరుగారి తమ్ముడు రేకుతో ఇంటంత దురియన్ పండు, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే అక్కడి పనసలాంటి పండు, చేయించాడు. అందులో దూరి ముళ్ళ మధ్య నుంచి తల బయటపెట్టి నవ్వాలి. ఊరి బయట వేడినీటి బుగ్గ దగ్గర సీతాకోకచిలుక రెక్కలు వెలిశాయి. బుగ్గలో దిగేవాళ్ళు తగ్గి, రెక్కల ముందు నిలబడేవాళ్ళు పెరిగారు. జలపాతానికి వెళ్ళే దారి పొడుగునా ఉయ్యాలలు వచ్చాయి. జలపాతం ఇంకా అక్కడే ఉందని అంటారు.

ఫలితం చూడండి! చేయడానికి ఏమీ లేదన్న ఊళ్ళో ఇప్పుడు ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. యాత్రికుడు బస్సు దిగింది మొదలు వరసలో నిలబడాలి, గుండెలో దూరాలి, రెక్కలు తగిలించుకోవాలి, ముళ్ళ మధ్య నుంచి నవ్వాలి. ప్రతిచోటా సరస్సుకు వీపు పెట్టే నిలబడాలి కాబట్టి అటువైపు చూసే ప్రమాదమే లేదు. ఇంత క్రమశిక్షణ ఏ బడి నేర్పగలదు?

మారోలోప్ ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఈ ఘనతంతా తన ఒక్క మాటతో వచ్చిందే కదా.

ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు రంపం చప్పుడైంది. వరండాలోకి వచ్చి చూస్తే అరటిచెట్లు లేవు. మేకలు కూడా లేవు. తోగర్ వెదురు బొంగులు దింపిస్తున్నాడు. వారం తిరక్కుండానే ఒక టవరు లేచింది. పైన మనిషి పట్టే పక్షిగూడు, కింద నిలువెత్తు అక్షరాలతో 'ఐ లవ్ లుంబన్ తొంగా' అనే బోర్డు. లాంచీలో వచ్చేవాళ్ళకు దూరం నుంచే కనబడాలని తోగర్ అక్షరాలను నీళ్ళ వైపు తిప్పి పెట్టాడు. అక్షరాలు గాలికి పడిపోకుండా వెనక ఈ చివర నుంచి ఆ చివరకు రేకులు కొట్టించాడు.

ఆ వెనక అన్నది మారోలోప్ వరండా.

గదిలో దిగినవాళ్ళు కిటికీ తెరిస్తే తుప్పు పట్టిన రేకు, దాన్ని ఆనించిన దుంగలు. ఒకాయన మర్యాదగానే అడిగాడు, "సరస్సు ఎటువైపండీ?" అని. మారోలోప్ చెయ్యెత్తి రేకును చూపించాడు. ఆయన ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాడు.

దూమా మొదటి రోజు అలవాటుగా వచ్చి మెట్టు మీద కూర్చుంది. రేకును చూస్తూ రెండు గుక్కలు తాగి, మిగిలిన కాఫీ మట్టిలో పారబోసి లేచిపోయింది. ఆ తర్వాత మళ్ళీ అక్కడ కూర్చోలేదు. వింతేమిటంటే, పగలు కూడా మాట్లాడటం మానేసింది. కూరల్లో ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు ఉప్పు తప్ప ఏమీ లేదు.

"ఏమైందే?" అన్నాడు మారోలోప్.

"ఏం లేదు."

"ఏం లేదంటే?"

"చూడ్డానికి ఏం లేదంటున్నా."

అంత బాధ పడే బదులు తోగర్‌ను నిలదీయొచ్చు కదా అంటారేమో. అదే కుదరదు. మన దగ్గర అల్లుడు అలుగుతాడు, అత్తవారు బతిమాలతారు. అక్కడంతా తలకిందులు. భార్య తోబుట్టువు వయసులో చిన్నవాడైనా సరే, ఎదురుపడితే చేతులు జోడించాలి. వాడు దీవిస్తేనే ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా. ఆ సంగతి తోగర్‌కు అందరికంటే బాగా తెలుసు.

"ఎలా ఉంది బావా మన టవరు?" అని రోడ్డు మీద ఆపి అడిగాడు.

"చాలా బాగుందయ్యా. మంచి ఎత్తుంది."

"ఇంకో అంతస్తు లేపుదామనుకుంటున్నా."

"లేపు. నిన్ను దేవుడు ఇంకా పైకి తీసుకెళ్ళాలి," అన్నాడు మారోలోప్ చేతులు జోడించి. ఇంటికొచ్చి ఖాళీ కిరసనాయిలు డబ్బాను గోడ అవతల పడేలా తన్నాడు.

అది చూసి దూమా చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "డబ్బాను తంతే రేకు ఊడదు. పందిని వండి పట్టుకెళ్దాం. మన చేతి పంది తిన్నాక పుట్టింటివాడు కాదనకూడదు. వాడు తినకుండా ఉండలేడు, నాకు తెలుసు."

ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళారు. తోగర్ చాప మీద పైవైపు కూర్చున్నాడు. తలతో సహా వండిన పందిని అతని ముందు పెట్టి, మారోలోప్ కిందివైపు కూర్చుని, ఇలాంటి సందర్భాలకు దాచుకునే గొంతు తీశాడు.

"మా ఇంటికి ఇల్లాలినిచ్చిన పెద్దలు మీరు. మా పిల్లాపాపలు మీ దీవెన. మా పంట మీ దీవెన. ఈమధ్య మాకో చిన్న కొరత వచ్చింది. ఇంట్లోకి వెలుతురు రావడం లేదు."

తోగర్ ఎముక చీకుతూ విన్నాడు. "వెలుతురంటే... రేకు సంగతా?"

"రేకని నేనన్లేదు. మీ నోటితో మీరే అన్నారు."

"తీసెయ్యమంటావా?"

మారోలోప్ ఆ మాటకు ఒక గౌరవప్రదమైన రూపం వెతుకుతుండగానే, వెనక నుంచి దూమా, "తీసెయ్," అంది.

తోగర్ చెయ్యి కడుక్కున్నాడు. అప్పటికి సగం పంది అయిపోయింది. తిన్నాక కాదంటే ఊరంతా ఉమ్మేస్తుంది. అవునంటే టవరు పోతుంది. అతను లోపలికి వెళ్ళి భార్యతో గుసగుసలాడి, పద్ధతి ప్రకారం మసాలా పట్టించి వండిన చేపను తెచ్చి వాళ్ళకు తినిపించాడు. నేత శాలువా తెచ్చి ఇద్దరి భుజాల మీదుగా ఒక్కటే కప్పాడు.

"అక్కా, బావా, మిమ్మల్ని ఉత్త చేతుల్తో పంపితే మా నాన్న ఆత్మ ఊరుకోదు. ఇవాళ్టి నుంచి ఆ టవరులో సగం మీది."

మారోలోప్ నోరు తెరిచాడు. కాదు, వద్దు, తీసెయ్యి అనే మాటలు నాలుక చివర వరసగా నిలబడే ఉన్నాయి. ఆయన చేపతో పాటు వాటిని మింగాడు. ఇద్దరి మీదా ఉన్నది ఒకే శాలువా కాబట్టి, మొగుడి భుజం సడలడం దూమాకు తెలిసింది.

మర్నాడు లేచి చూస్తే మారోలోప్‌కు ఆ రేకు అంత వికారంగా కనబడలేదు. సొంత పిల్లల ముక్కు వంకర ఎవరికి కనబడుతుంది? కాస్త రంగేస్తే సరిపోతుందనిపించింది. పట్నం నుంచి పెయింటరును పిలిపించి, వరండా వైపు రేకు నిండా సరస్సు వేయించాడు. నీలం నీళ్ళు, పచ్చటి కొండలు, రెండు పడవలు, నారింజరంగు సూర్యుడు. అసలు సరస్సుకు మంచు పడుతుంది, వాన పడుతుంది, సాయంత్రమైతే చీకటి పడుతుంది. ఈ సరస్సుకు ఏ బాధా లేదు, రాత్రి లైటు వేస్తే చాలు. దిగినవాళ్ళు దాని ముందు ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. నాలుగు గదులూ నిండాయి. ప్రకృతిని రేకు మీద దించి దాన్ని మించిపోయిన మనిషి ఇంకెవరు?

మారోలోప్ భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. "ఇదిగో, నీ సరస్సు నీకు తిరిగొచ్చింది."

దూమా కాసేపు చూసింది. "ఆ పడవ మునుగుతోంది," అంది. కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, కొండ దారి పట్టింది.

ఊరి వెనక కొండ మీద సమాధులున్నాయి. అక్కడివాళ్ళు బతికుండగా ఎలాంటి ఇంట్లో ఉన్నా, పోయాక మాత్రం మంచి చోటు ఎంచుకుంటారు. దూమా తండ్రి సమాధి అన్నిటికంటే పైన, టైల్స్ వేసిన అరుగుతో ఉంది. ఆమె రోజూ తెల్లవారుజామున ఆ అరుగు మీద కూర్చోసాగింది. నాలుగు రోజులకు గాలిమర వెనకింటి ఆవిడ వచ్చింది. తర్వాత విమానం వెనకింటి అత్తాకోడళ్ళు. చివరికి తోగర్ భార్య కూడా వచ్చింది. ఎవరి కాఫీ వాళ్ళది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

కింద ఇళ్ళల్లో పొయ్యిలు ఆలస్యంగా వెలుగుతున్నాయి. పొద్దున్నే టిఫిన్ లేదని గెస్టులు సణిగారు. ఇక లాభం లేదని మారోలోప్, తోగర్ ఒకరోజు మసక చీకట్లోనే కొండెక్కారు. ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసమొచ్చింది. మారోలోప్ భార్యను కేకలేద్దామని వచ్చినవాడు, ఊపిరి అందక ఆమె పక్కన కూలబడ్డాడు.

కింద ఊరంతా కర్రలూ రేకులే. వాటి అవతల, ఏ రేకూ ఆపలేనంత పెద్దగా సరస్సు ఉంది. మంచు ముందు నడిమధ్యన చిరిగింది. ఆ చిరుగులోంచి ఒక్క పడవ, చప్పుడు లేకుండా, ఇవతలికి వచ్చింది. యాభై ఏళ్ళు ఆ ఒడ్డునే బతికిన మారోలోప్, పడవ రేవుకు చేరేదాకా కన్నార్పలేదు. దూమా తన కప్పు అతని చేతిలో పెట్టింది.

తోగర్ మాత్రం కూర్చోలేదు. అరుగు చివర దాకా వెళ్ళాడు, ఇటు వచ్చాడు, మళ్ళీ అటు వెళ్ళాడు. "బావా," అన్నాడు నెమ్మదిగా, "ఇక్కడి నుంచి అక్కడికి గాజు వంతెన వేస్తే..." అంటూ అడుగుల మీద కొలవసాగాడు.

ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. అతని భార్య అందరికంటే ముందు తిప్పింది.

"కొలుచుకో తమ్ముడూ," అంది దూమా, గొంతు పెంచకుండా. "నాన్న పక్కన ఖాళీ ఉంది. నీకు ఎంత పొడుగు కావాలో అది కూడా ఇప్పుడే కొలుచుకో."

తోగర్ అడుగు ఆగింది. మారోలోప్ వైపు చూశాడు. మారోలోప్ చేతులు జోడించలేదు. మంచి ఎత్తుందని కూడా అనలేదు. కాఫీ తాగుతున్నాడు. తోగర్ తన తండ్రి సమాధి కేసి ఒకసారి చూసి, ఆ అంచునే చతికిలబడ్డాడు.

దీంతో టవరు కూలిందనుకుంటే మీకు అభివృద్ధి గురించి ఏమీ తెలియనట్టే. టవరు ఉంది. ఇంకో అంతస్తు లేచింది. లాభంలో సగం మారోలోప్‌కు వస్తోంది. ఊళ్ళో చేయదగిన పనులు నానాటికీ పెరుగుతున్నాయి. లుంబన్ తొంగాలో టికెట్ లేకుండా సరస్సు చూసే హక్కు మాత్రం ప్రస్తుతానికి చచ్చినవాళ్ళకే ఉంది. తక్కినవాళ్ళు వాళ్ళ దగ్గర కాసేపు అద్దెకుంటున్నారు.

గెస్టులెవరైనా, వెనక కొండ మీద ఏముందని అడిగితే, మారోలోప్ ముఖం సీరియస్‌గా పెడతాడు. అక్కడ దయ్యాలున్నాయనీ, పొద్దున పూట వెళ్తే పట్టుకుంటాయనీ చెబుతాడు. నమ్మనివాళ్ళకు, వంటింట్లో మళ్ళీ అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుతున్న దూమాను చూపిస్తాడు.