జయరాములు నెత్తిమీది పొత్రం

రండప్పా, రండి, ఇట్లా ముందుకు జరిగి కూర్చోండి. గోడకానుకుని గుసగుసలాడేవాళ్ళు ఆ మాటల్ని కాసేపు మింగేయండి, ఇంటికి పోయాక తీరిగ్గా కక్కుకోవచ్చు. ఎవరి సెల్లయినా మోగిందంటే సెల్లునూ మనిషినీ కలిపి ఏట్లో వేస్తాం. ఏట్లో నీళ్ళు లేవు కాబట్టి ఎవరికీ ప్రాణభయం అక్కర్లేదు. అందరూ సర్దుకున్నారా? అయితే వినండి, ఇది గుడియాత్తం నేతవీధి జయరాములు పొట్ట కథ.

ఆ పొట్ట మామూలు పొట్ట కాదు. జయరాములు వీధి మలుపు తిరగకముందే అది తిరిగేది. వానొస్తే దానికింద రెండు కోళ్ళు తలదాచుకునేవని ఎదురింటి ధనమ్మవ్వ ఇప్పటికీ గంగమ్మ మీద ఒట్టేసి చెబుతుంది. అలా ఉన్నా ఇబ్బంది లేదు, కానీ జయరాములుది గుంట మగ్గం. గుంట గట్టున కూర్చుని కాళ్ళు లోపలికి దించాలి. పొట్టకెదురుగా ఒక అడ్డకొయ్య ఉంటుంది. నేసిన లుంగీ దానికే చుట్టుకుంటూ పోతుంది. నేసేకొద్దీ కొయ్య లావెక్కుతుంది. ఇటు తినేకొద్దీ పొట్ట లావెక్కింది. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ రెండూ కలుసుకున్నాయి.

ఇక జయరాములు ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. వీధిలోని మగవాళ్ళంతా వచ్చి చంకల్లో చేతులేసి లాగారు. మగ్గం కదిలింది గానీ మనిషి కదల్లేదు. చివరికి భార్య తంగమ్మ కత్తెర పట్టుకుని వచ్చింది.

"పొట్టని కోసేదా, బట్టని కోసేదా? ఏదో ఒకటి చెప్పయ్యా."

బట్టనే కోశారు. సగం నేసిన లుంగీ అలా గుంటలో కూలబడింది. దాని చావు చూసిన తంగమ్మ ఊరుకుంటుందా?

"శుక్రవారం కొత్త పడుగు ఎక్కతాది. ఆలంగాయం నించి మా తమ్ముణ్ణి రమ్మన్నా. గుంటలో పట్టినోడు నేస్తాడు. పట్టనోడు రాట్నం ముందర కూర్చోని నూలు కండెలు చుట్టుకుంటాడు. అంతే."

జయరాములు గుండెలో రాయి పడింది. ఆ గట్టు వాళ్ళ నాయన కూర్చుని కూర్చుని అరగదీసిన గట్టు. గళ్ళ లుంగీకి జయరాములు నేసినంత తిన్నగా అంచు నేసేవాడు ఆ వీధిలో లేడు. అలాంటివాడు రాట్నం తిప్పుతుంటే, పక్కన బామ్మర్ది ఉదయకుమార్ మగ్గంలో దారపు నాడె అటూ ఇటూ ఆడిస్తాడా? అంతకంటే ఆ కత్తెరతో పొట్ట కోసుకోవడమే మేలు.

గురువారం లుంగీల మూట దించడానికి వేలూరు పోయినప్పుడు, అంగడి పైన జిమ్ము ఉందని తెలిసి మెట్లెక్కాడు. అక్కడ కసరత్తు నేర్పే ముకేష్ మన తెలుగు పిల్లవాడే. అతని చేతులు చూసి, చొక్కాలో ఇంకెవరో దాక్కుని ఉన్నారేమోనని జయరాములు వెనక్కి కూడా తొంగిచూశాడు.

"ఉట్టి పరుగు పెడితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతాది అంకుల్," అన్నాడు ముకేష్. "ఉట్టి బరువులెత్తితే కండ వస్తాది గానీ, దానిమీద కొవ్వు దుప్పటి కప్పుకోని పండుకోనే ఉంటాది. కార్డియో, వెయిట్సు రెండూ కలపాల. ఒకరోజు ఇది, ఒకరోజు అది. పప్పు, గుడ్లు బాగా తినాల. బాగా నిద్రపోవాల. నాలుగు నెలల్లో తేడా తెలుస్తాది."

"నాలుగు నెలలా! మా బామ్మర్ది రేపే వస్తా ఉండాడప్పా!"

"బామ్మర్దులకి మా దగ్గర వ్యాయామం లేదు అంకుల్," అన్నాడు ముకేష్ విచారంగా.

తిరుగు బస్సులో జయరాములు బుర్ర మగ్గంలా ఆడింది. పిల్లవాడు మంచివాడే, కానీ నేత తెలియదు. ఒకరోజు ఉట్టి పడుగు, మరునాడు ఉట్టి పేక వేసుకుంటూ పోతే బట్టవుతుందా? నిలువు దారంలోకి అడ్డ దారం అప్పటికప్పుడు పడాలి. పరుగు పడుగైతే బరువు పేక. బరువు నెత్తిన పెట్టుకుని పరుగెత్తితే నాలుగు నెలల పని నాలుగు గంటల్లో తెగిపోదా? బామ్మర్ది బస్సు దిగేది ఎలాగూ తొమ్మిదికి. తెల్లారుజామున మొదలుపెడితే తొమ్మిదికల్లా పొట్ట ఖాళీ. లెక్కలో ఎక్కడా పోగు తెగలేదు.

శుక్రవారం కోడి కూసింది. నిద్రమత్తు వదలాలని జయరాములు బావి దగ్గర నెత్తిన నాలుగు చెంబులు పోసుకున్నాడు, తడిపంచె అలాగే ఉంది. బరువు కోసం వెతికితే రుబ్బురోలు పొత్రం కనబడింది. చేతికి జారకుండా దండెం మీది గుడ్డ లాగి మూట కట్టాడు, అది పసుపు గుడ్డ. నెత్తి నొప్పి పుట్టకుండా కింద మెత్తగా ఉండాలని చేతికందిన రెమ్మలు విరిచి చుట్టకుదురు చేశాడు, అవి వేపరెమ్మలు. చెప్పులు వేసుకుందామంటే పొట్ట అడ్డమొచ్చి కాళ్ళు కనబడలేదు. సరే పోనీ అని ఉత్తకాళ్ళతోనే వీధిలోకి పరుగు తీశాడు. అది ఊరూరా అమ్మవారికి పూజలు చేసే ఆడినెల శుక్రవారమని అతనికి గుర్తుంటే, ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

వాకిట్లో నీళ్ళు చల్లుతున్న ధనమ్మవ్వ తలెత్తి చూసింది. "యాడికి నాయనా, ఇంత పొద్దున్నే?"

బదులు చెప్పాలనే జయరాములు నోరు తెరిచాడు. ఊపిరి మాత్రమే వచ్చింది. "హూఁ... హూఁ... హూఁ!" కళ్ళు పైకి తేలిపోయాయి.

అవ్వ చూసింది. తడిపంచె, ఉత్తకాళ్ళు, నెత్తిన వేపరెమ్మలు, పైన పసుపు మూట, మాట పడిపోయిన మనిషి. బిందె జారవిడిచింది.

"అమ్మ వచ్చినాదే! జయరాములు మీదికి గంగమ్మ వచ్చినాదే! ఒసే, పసుపునీళ్ళు తెండే! శీక్రం!"

అమ్మవారిని నెత్తిన మోసుకొచ్చేవాడి కాళ్ళకు ప్రతి ఇంటివాళ్ళూ పసుపునీళ్ళు పోస్తారు, అది ఆ ఊరి ఆచారం. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. బిందెలు, చెంబులు, బకెట్లు. కాళ్ళకింద నేల జారడంతో జయరాములు అటూ ఇటూ ఊగాడు, ఎగిరాడు. "ఆడతా ఉండాదే తల్లి!" అని ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. పంబ వాయించే ప్రభు పళ్ళు తోముకుంటూనే పంబ మెడకు తగిలించుకుని వచ్చేశాడు, నోట్లో బ్రష్షు అలాగే ఉంది. పంబ మోగితే ఎవడి కాళ్ళు ఆగుతాయి? వీధి వీధంతా వెనక పడింది.

మూటను దించేసి నాలుగు మాటలు చెబితే చాలని జయరాములు అనుకున్నాడు. ఎదురుగా ఒక ఖాళీ స్థలం కనబడింది. మోకాళ్ళు వంచాడు. లుంగీల వ్యాపారి రంగరాజులు కల్యాణమండపం కట్టాలని ముగ్గు పోసి పెట్టుకున్న స్థలం అది. అమ్మవారిని ఎక్కడ దించితే అక్కడ గుడి లేస్తుందని రంగరాజులుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేడమీంచి తువ్వాలుతోనే దూకినట్టు వచ్చాడు.

"తల్లీ, ఈడ వద్దు తల్లీ! ఈడ గాలే రాదు! దోమలు! ఏటిగట్టున నీకు మంచి గాలి ఉండాది, పద తల్లీ, పద!" అని జయరాములు మోచేతుల కింద చేతులు పెట్టి మళ్ళీ పైకి లేపాడు.

మలుపులో టీ అంగడి ముందు పెరియస్వామి నిలబడి ఉన్నాడు. అతను ఎవరూ అడగకపోయినా అన్నింటికీ ఒక సలహా చెప్పే మనిషి. "సామీ, నా అంగడి ముందర దించు! నీకు కూర్చునేదానికి బెంచీ కూడా వేస్తా!" అని పంచె పట్టి లాగాడు. వెనక నుంచి రంగరాజులు తోశాడు. పంచెకు కాలం కలిసొచ్చి నిలబడింది, జయరాములు ముందుకు పడ్డాడు.

బస్టాండు దగ్గర పోలీసు ఒక్క చూపులో సంగతి గ్రహించాడు. బస్టాండు వాకిట్లో గుడి వస్తే బస్సులన్నీ తన నెత్తిమీదినుంచి తిరగాలి. ఈల ఊది అన్ని వైపులా బండ్లు ఆపేశాడు. జయరాములు పుట్టి బుద్ధెరిగాక ఊరంతా అతనికి దారిచ్చిన రోజు అదొక్కటే, అదీ ఆగడానికి వీల్లేని దారి.

అప్పుడే ఆలంగాయం తొలి బస్సులోంచి, తొమ్మిది బస్సుదాకా ఆగలేకపోయిన ఉదయకుమార్ సంచీతో దిగాడు. నెత్తిన అమ్మవారితో, వెనక ఊరితో వస్తున్న బావను చూశాడు. సంచీ విసిరేసి రోడ్డుమీద నిలువునా సాష్టాంగపడ్డాడు. జయరాములు ఆగబోయాడు, వెనక జనం ఆగలేదు. ఇక చేసేది లేక ఎగిరాడు. పొట్ట ముందు దాటింది, తర్వాత జయరాములు దాటాడు, ఆ తర్వాత పొత్రం దాటింది. అలా మూడు విడతలుగా బామ్మర్దిని దాటిన బావ మూడు లోకాల్లో ఇంకొకడు లేడు.

ఇక్కడ ఇంట్లో తంగమ్మ లేచింది. తమ్ముడికి వడలు చేయాలని రాత్రే మినప్పప్పు నానబోసి పెట్టుకుంది. గ్రైండరు పిండితో వేస్తే అది వడ కాదు, రబ్బరని ఆమె నమ్మకం. పప్పు పొంగింది. రుబ్బురోలు నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. వీధిలోకి వచ్చి చూస్తే మనుషులు లేరు, ఏటివైపు పోయిన పసుపునీళ్ళ జాడ మాత్రం ఉంది. కొంగు దోపుకుని ఆ జాడవెంట నడిచింది.

ఏటిగట్టున జయరాములు గుడ్లు తేలేసి నిలబడ్డాడు. ఇక ముందుకు దారి లేదు, కింద ఇసుక. జనం కర్పూరం వెలిగించారు. తంగమ్మ వాళ్ళను చీల్చుకుని వచ్చి పసుపు గుడ్డ ఒక్క లాగు లాగింది.

"ఏమయ్యో! ఆడ పప్పు పులిసిపోతా ఉంటే, ఈడ నా పొత్రాన్ని ఊరేగిస్తా ఉండావా?"

పొత్రం బయటపడింది. నిన్నటి పిండి దానికి ఎండి అంటుకుని ఉంది. పంబ ఆగింది. ప్రభు నోట్లోంచి బ్రష్షు పడింది. జయరాములుకు అప్పటికి ఊపిరి అందింది. "తంగా, నేను పొట్ట తగ్గేదానికి... బామ్మర్ది వచ్చేలోగా..."

అతని మాట ఎవరు విన్నారు? ధనమ్మవ్వ ముందుకొచ్చి పొత్రాన్ని తేరిపార చూసింది. పొద్దున్నుంచి అంత దూరం పరుగెత్తి, చివరికి పొత్రానికి కర్పూరమిచ్చామని ఒప్పుకునే వయసు కాదు ఆమెది.

"చూసినారా అమ్మ మహిమ! పొత్రంలోకి వచ్చినాది! ఆడి శుక్రవారం వడలు అడగతా ఉండాది తల్లి!"

"అవునవును!" అన్నాడు రంగరాజులు గబగబా. "తంగమ్మ ఇంట్లోనే వెలిసినాది. ఆడే ఉండాల. ఎవురి స్థలమూ అక్కర్లేదు."

పొత్రం దించడానికి ముందుకొచ్చిన ఇద్దరు మగవాళ్ళు ఎటునుంచి పట్టుకోవాలా అని చూసుకుంటుండగా, తంగమ్మ ఒంటిచేత్తో లాగి చంకనేసుకుని ఇంటిదారి పట్టింది.

ఆ మధ్యాహ్నం దాకా వీధంతటికీ వడలే. అమ్మను మోసినవాడికే మొదటి వాయి పెట్టాలి కదా, పెట్టారు. రెండో వాయీ పెట్టారు. ఆ తర్వాత కొత్త పడుగు ఎక్కిన మగ్గం ముందు జయరాములు కూర్చున్నాడు. పొట్ట అడ్డకొయ్యకు నమస్కారం చేసి అక్కడే ఆగిపోయింది. తంగమ్మ తమ్ముడి వంక చూసింది.

ఉదయకుమార్ చేతులు జోడించాడు. "వద్దక్కా. అమ్మని మోసిన మనిషి కూర్చున్న గట్టు అది. దానిమీద నేను కూర్చుంటే కండ్లు పోతాయి. నేను ఊరికి పోతా ఉండాను." పోతూ పోతూ వడల పొట్లం మాత్రం మరిచిపోలేదు.

జయరాములు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "చూస్తివా తంగా? ఇంగ ఈ గట్టు మీద కూర్చునేదానికి ఈ ఊర్లో ఒక్కడు రాడు!"

"ఒక్కడు రాడులే," అంది తంగమ్మ. చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే గుంటలోకి కాళ్ళు దించింది. చక్కగా పట్టింది. "అమ్మకేమన్నా కష్టంగా ఉంటే నాతోనే చెప్పమను. నువ్వు పోయి పప్పు రుబ్బు. వాకిట్లో జనం నిలబడుకోని ఉండారు."

నిజంగానే నిలబడి ఉన్నారు. అమ్మ వెలిసిన పొత్రంతో రుబ్బిన పిండంటే ఎవరికి చేదు? శుక్రవారాలతో మొదలైంది, తర్వాత రోజూ అయింది. ఇంటింటినుంచీ నానబెట్టిన పప్పు వస్తుంది. జయరాములు రోలు ముందు కూర్చుని రెండు చేతులా పొత్రం తిప్పాలి. పిండి గిన్నెలు చెరొక చేత్తో పట్టుకుని, పులిసేలోగా ఇంటింటికీ పరుగెత్తి ఇచ్చి రావాలి. కార్తీకం వచ్చేసరికి ఒక విచిత్రం జరిగింది. జయరాములు చేతులు ముకేష్ చేతుల్లా అయ్యాయి, పొట్ట ఎటుపోయిందో పోయింది. ధనమ్మవ్వ కోళ్ళు వానలో తడవసాగాయి.

ఒక పొద్దున అతను మగ్గం ముందు నిటారుగా నిలబడ్డాడు. "తంగా, చూడు. సన్నగా అయినాను. ఇంగ నేను పడతాను. లెయ్."

తంగమ్మ నాడె ఆపలేదు. ఈ మధ్య ఆమె నేసిన అంచు చూసి, జయరాములు అంచుకంటే తిన్నగా ఉందని రంగరాజులు అని పోయాడు. ఆ మాట ఇద్దరూ విన్నారు, ఒక్కరే గుర్తుపెట్టుకున్నారు.

"నేసే మనిషిని మధ్యలో లేపకూడదయ్యా. పప్పు నానినాది, పో."

జయరాములు పోయి రోలు ముందు కూర్చున్నాడు. ఇదంతా కిటికీలోంచి చూస్తున్న టీ అంగడి పెరియస్వామి గ్లాసు కిందపెట్టి, బాధగా తలాడించాడు.

"నీకు తెలివి లేదప్పా జయరాములూ. ఆ పొద్దు పొత్రం బదులు మగ్గాన్నే నెత్తిన పెట్టుకోని పరిగెత్తుండాల, గుంటతో సహా!"