ఎర్ర పిడి కత్తులు ఏడు

ఆ ఉదయం కాఫీ తాగుతూ సీనప్ప చేసుకున్న నిశ్చయం చాలా చిన్నది. ఈసారి ఒక్క కత్తి కూడా పోకూడదు, అంతే.

సీనప్ప ధర్మపురిలో చింతపండు వ్యాపారి. మండీలో ఏ మూట ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అదే మనిషి నాలుగు గోడలు దాటి ఆరుబయటికి వెళ్లాడంటే చేతిలో ఉన్నది ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. ఏటా కావేరికి కొత్త నీళ్లొచ్చే తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజున బంధువులు నలభై మందీ కలిసి ఏరియూరు దగ్గర కావేరి ఒడ్డుకు వెళ్లడం, ఏటికి పసుపు కుంకుమ ఇచ్చి అక్కడే మూడు రాళ్ల మీద వండుకు తినడం ఆయన తండ్రి పెట్టిన ఆనవాయితీ. తండ్రి పోయాక ఆ పెత్తనం సీనప్పకు వచ్చింది. అప్పటినుంచి ఏడాదికొక కత్తి పోతూ వచ్చింది. ఆకుపచ్చ పిడి కత్తి గడ్డిలో కలిసిపోయింది. నీలం పిడిది నీళ్లలోకి జారింది. నిరుడు ఇసుకలో మాయమైన కొయ్యపిడి కత్తి మాత్రం ఆయన భార్య సరసమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. సరసమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే సీనప్పను ఏడాది పొడుగునా బాధపెట్టింది.

అనాల్సినవన్నీ ఆమె తమ్ముడు పళనిస్వామి అన్నాడు. అదీ ఒక పెళ్లిపందిట్లో, అందరూ వినేటట్టు.

"బావా, ఈ తూరి ఒక్క కత్తి పోయినా వచ్చే ఏడాది పెత్తనం నాది. వంటా వద్దు, గింటా వద్దు. హోటల్లో పొట్లాలు కట్టించుకొని పోతాము, తిని ఆకు పారేసి వచ్చేస్తాము."

బంధువుల్లో సగం మంది తలలూపారు. ఏటి ఒడ్డున కూర్చుని పొట్లం విప్పుకోవడమా! పొయ్యి పొగ కళ్లలోకి పోకుండా అదేం పండుగ? ఆ మాట గుర్తొస్తేనే సీనప్పకు ఒళ్లు మండిపోయేది. కాఫీ గ్లాసు కింద పెట్టి, నేరుగా రాజమాణిక్కం ఇనుప సామాన్ల అంగడికి నడిచాడు.

"కత్తులు చూపించన్నా. పిడి కంటికి కొట్టినట్ల ఉండల్ల."

"కత్తికి పదును చూస్తారు గానీ రంగు చూస్తారా సీనప్పా?" అన్నాడు రాజమాణిక్కం.

"పదునుండే కత్తులు మూడు పోయినాయి. పదును చూసి ఏం లాభం?"

రాజమాణిక్కం ఒక ఆకుపచ్చ పిడి కత్తి తీశాడు. "గడ్డి," అన్నాడు సీనప్ప. నీలం పిడిది తీశాడు. "నీళ్లు." కొయ్యపిడి. "ఇసుక." తెల్ల ప్లాస్టిక్ పిడి. సీనప్ప కాసేపు ఆలోచించాడు. "నురగ," అని అదీ పక్కకు తోసేశాడు.

"దేవుడు చేసిన రంగుల్లో ఇంగేం మిగిలింది చెప్పు?" అన్నాడు రాజమాణిక్కం విసుగ్గా.

"ఎరుపు, పసుపు. ఏటి ఒడ్డున ఆ రెండూ ఉండవు."

అంగడిలో ఆ రంగు పిడులు లేవు. సీనప్ప వెనక్కి తగ్గే రకం కాదు. చిన్నవీ పెద్దవీ కలిపి ఏడు కత్తులు, రెండు డబ్బాల రంగు కొనుక్కొచ్చి పెరట్లో కూర్చున్నాడు. పిడులకు ఎరుపు వేసి వాటి మీద పసుపు పట్టీలు దిద్దాడు. రంగు మిగిలింది. మిగిలిన దాన్ని పారేయడం వ్యాపారస్తుడి లక్షణం కాదు. అందుకని ఒక్కో కత్తికి వెన్ను పొడుగునా పసుపు గీత లాగి, మధ్యలో ఎర్రటి చుక్క పెట్టాడు. దూరానికి ఇంకా బాగా కనిపిస్తుంది.

అదే ఊపులో మిగతా సరంజామా కూడా కొన్నాడు. ప్లాస్టిక్ బిందెలు అప్పుడప్పుడే బజారులోకి దిగుతున్న రోజులవి. ఎర్ర బిందె, పసుపు బకెట్టు, ఎర్ర నైలాన్ తాడు, కత్తులు చుట్టడానికి పసుపు గుడ్డ. నలభై మందికీ పెద్దమనిషి ఎక్కడున్నాడో తెలియాలి కనుక తనకు పసుపు పంచె, ఎర్ర తువ్వాలు.

సరసమ్మ వాకిట్లో పరిచిన సామానంతా చూసి, "ఇదో, నేనొక మాట చెప్పనా?" అంది. "ఈ కత్తులు చూస్తే నాకు టెంకాయ కొట్టల్ల అనిపిస్తా ఉండాది."

"దానికే కదా ఆ మొద్దు కత్తి కొన్నాను," అన్నాడు సీనప్ప.

ఆ ప్రాంతంలో ఆడి పద్దెనిమిదికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఊరి దేవుళ్ల ముందు నిలబెట్టి ఉంచే కత్తులనూ శూలాలనూ పూసారులు, అంటే ఆ గుళ్ల పూజారులు, ఆ రోజు కావేరికి మోసుకొచ్చి, కడిగి, పసుపు కుంకుమ పూసి, ఒడ్డున నాటి పూజ చేసి మళ్లీ తీసుకుపోతారు. సీనప్ప పుట్టినప్పటినుంచీ చూస్తున్న సంగతే ఇది. కానీ ఆయన బుర్రలో ఇప్పుడు వంట తప్ప మరో దేవుడు లేడు.

పండుగనాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ మొదటి బస్సెక్కారు. ముందుగా వెళ్లి నీడ ఉన్న చోటు పట్టాలి. బియ్యం, కూరగాయలు, వంట అండాలు, మిగతా జనం పళనిస్వామితో లారీలో వస్తారు. బస్సు కిక్కిరిసి ఉంది. పసుపు గుడ్డలోంచి ఏడు ఎర్ర పిడులు బయటికి కనిపించగానే కండక్టరు ఇద్దరు మనుషులను లేపేశాడు.

"కూర్చోండి సామీ," అన్నాడు తమిళంలో. "దాన్ని కింద పెట్టొద్దండి, ఒళ్లో పెట్టుకోండి."

"చూసినావా సరసా," అన్నాడు సీనప్ప తెలుగులో. "ఒక పద్ధతిగా వచ్చినోళ్లకి ఉండే మర్యాదే వేరే."

పక్కసీటు ముసలమ్మ కళ్లకద్దుకుని రెండు నిమ్మకాయలు ఆయన ఒళ్లో పెట్టింది. పులిహోరకు పనికొస్తాయని సీనప్ప వాటిని సంచిలో వేసుకున్నాడు.

ఒడ్డున మంచి చోటే దొరికింది. కత్తులను సంచిలో ఉంచితే సంచితో సహా పోగలవు. అందుకని సీనప్ప కాస్త ఎత్తుగా ఉన్న ఇసుకలో ఏడింటినీ వరుసగా గుచ్చి, పిల్లలు తొక్కకుండా చుట్టూ నాలుగు పుల్లలు పాతి ఎర్ర తాడు కట్టాడు. నాలుగు వైపులనుంచీ లెక్కపెట్టుకున్నాడు. ఎటునుంచి చూసినా ఏడే. సరసమ్మ స్నానానికి వెళ్లింది. ఆయన పొయ్యి రాళ్లు వెతకడానికి వెళ్లాడు.

రాళ్ల విషయంలో సీనప్ప రాజీపడడు. మూడూ ఒకే ఎత్తుండాలి. దొరికేసరికి గంట పట్టింది. తువ్వాలు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద రాళ్లు మోసుకుంటూ తిరిగొచ్చేసరికి కత్తులు కనిపించలేదు. కత్తుల చుట్టూ నూటయాభై మంది కనిపించారు.

పిడులకు పూలదండలు వేలాడుతున్నాయి. మొదళ్ల దగ్గర నిమ్మకాయలు, ముందు కర్పూరం. ఒకతను పంబ వాయిస్తున్నాడు. రాళ్లు మోసుకొస్తున్న పసుపు పంచె మనిషిని చూసి జనం రెండుగా చీలి దారిచ్చారు. సీనప్ప రాళ్లు దించాడో లేదో ఇద్దరాడవాళ్లు వాటికి పసుపు పూసి బొట్లు పెట్టేశారు.

"ఏయ్, అవి పొయ్యి రాళ్లు!" అని అరిచాడు సీనప్ప తమిళంలో. "ఎవరు మీరంతా? జరగండి! నేను గుమ్మడికాయ కోయాలి!"

"సామి గుమ్మడికాయ అడుగుతున్నాడు!" అని ఎవరో కేక వేశారు. పావుగంటలో పదకొండు గుమ్మడికాయలొచ్చాయి.

"ఇన్నెందుకు? ఒకటి చాలు!"

"ఒకటే చాలంటున్నాడు. ఎంత దయ!" అని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

సీనప్పకు కోపంతో కాళ్లూ చేతులూ వణకసాగాయి. వణుకు చూసి పంబవాడు దెబ్బ పెంచాడు. పూంగొడి అనే ఆమె ముందుకొచ్చి కొంగు పట్టి, "సామీ, మా ఆవు తప్పిపోయి మూడు రోజులైంది. ఎక్కడుందో చెప్పండి," అని వేడుకుంది.

"నా వస్తువులే నాకు కనపడవు తల్లీ, నీ ఆవును నేనెక్కడ చూపించేది? పో, గడ్డి ఉన్న చోట వెతుక్కో!"

అరగంటలో పూంగొడి కొడుకు ఆవును తోలుకొచ్చాడు. గడ్డి ఉన్న చోటే దొరికిందట. దాంతో ఎర్ర తాడు పక్కన వరుస కట్టారు.

అప్పుడొచ్చింది లారీ. పళనిస్వామి దిగి, దండలు వేసిన కత్తులనూ వరుసలో నిలబడ్డ జనాన్నీ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"భేష్ బావా! కత్తులేం పోలేదు. అయితే ఇంగ కూరలు కొయ్యి!" అంటూ తానే వెళ్లి ఒక పిడి మీద చెయ్యి వేశాడు. జనం ఒక్కసారిగా "ఏయ్!" అన్నారు. పళనిస్వామి ఆ చేత్తోనే దండం పెట్టి, నుదుట విభూతి పెట్టించుకుని వెనక్కొచ్చాడు.

పన్నెండు దాటింది. నలభై మంది బంధువులు కోయని కూరగాయల చుట్టూ కూర్చున్నారు. పిల్లలు ఆకలని ఏడుపు అందుకున్నారు. ఏరియూరులో హోటలు ఎక్కడుందని పళనిస్వామి లారీ డ్రైవరును అడగడం సీనప్ప చెవిన పడింది. పొట్లాలు! తండ్రి పెట్టిన పొయ్యి తన కళ్లముందే ఆరిపోబోతోంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు. పక్కనున్న బండ ఎక్కి నిలబడ్డాడు.

"అందరూ వినండి! ఇవి దేవుడి కత్తులు కావు! ధర్మపురిలో అంగట్లో కొన్నాను! రంగు నేనే వేశాను, నా చేత్తో!"

పంబ ఆగింది.

"తన చేత్తోనే వేశాడంట!" అంది ఒకామె తన్మయంగా. పంబ మళ్లీ మోగింది.

అప్పుడు గుంపులోంచి నిలువునా తడిసిన ఒక ముసలాయన వచ్చి సీనప్ప చెయ్యి పట్టుకుని బండ వెనక్కి లాక్కెళ్లాడు. పక్క ఊరి మునియప్పన్ కోవెల పూసారి, పేరు కన్నప్పన్. ఇంక తన్నులే తక్కువ అనుకున్నాడు సీనప్ప. కన్నప్పన్ మాత్రం ఆయన రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు.

"అయ్యా, ఇవి పెయింటు కత్తులని నాకు తెలుసు. దగ్గరికి వస్తేనే వాసన. మా సామి కత్తులూ ఏడే. పొద్దున కడుగుతూ ఉంటే వరద బుట్టతో సహా లాక్కుపోయింది. కొయ్య పిడులు, బురద నీళ్లు. రెండూ ఒకే రంగు. రెండు గంటలు మునిగి వెతికాను, ఒక్కటీ కనపడలేదు. మా తాతల కాలం నుంచి మా చేతిలో ఉన్నవి. ఊరికి ఏ మొహంతో చెప్పాలో తెలియక అక్కడ పొదల వెనక కూర్చున్నాను. వచ్చి చూస్తే మా జనమే మీ కత్తులకు పూజ చేస్తున్నారు. నేను కొత్త పిడులు వేయించి, పట్నం పూసారిని పిలిపించాననుకున్నారు."

సీనప్పకు అంతా వినిపించినా, మనసు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"ఎర్ర పిడులుంటే పోయేవి కావు," అన్నాడు మెల్లగా.

"పోయేవి కావు సామీ," అన్నాడు కన్నప్పన్. "దూరానికే కనిపించేవి."

సీనప్ప సిద్ధాంతాన్ని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయన. సీనప్ప గుండె పొంగిపోయింది. ఆ వెంటనే ఈయనకు కావలసింది తన ఏడు కత్తులేనని తట్టి అంతే వేగంగా కుంగింది. పిల్లల దగ్గర్నుంచి లేచి వెనకే వచ్చిన సరసమ్మ అప్పటికే సగం విని, మిగతా సగం అర్థం చేసుకుంది.

"ఇచ్చేయండి," అంది. "మా అమ్మ కత్తి పోయిందని నాకు చెప్పేదానికే మీరు మూడు దినాలు తలుపు కాడ తచ్చాడినారు. పాపం, ఈయన ఊరంతటికీ చెప్పల్ల కదా."

ఏడాదిగా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు సీనప్ప పెద్దగా ఊపిరి వదిలాడు. "తీసుకోండి," అన్నాడు కన్నప్పన్‌తో. "కానీ నాకు పొయ్యి వెలగాల. నలభై మందికి వంట కావాల."

కన్నప్పన్ బండ ఎక్కి రెండు మాటలు చెప్పాడు. మునియప్పన్‌కు ఈసారి ఆ మూడు రాళ్ల మీదే వంట జరగాలట. అంతే, ఊరి జనం నడుముల్లోంచి కొడవళ్లు తీశారు. పదకొండు గుమ్మడికాయలూ, లారీలో వచ్చిన వంకాయలూ చూస్తుండగానే ముక్కలయ్యాయి. రెండు వందల మంది ఇసుకలో బారులు తీరి కూర్చుని తిన్నారు. పొగ అందరి కళ్లలోకీ పోయింది. మూడోసారి సాంబారు వడ్డించుకుంటున్న బంధువుల ముందు నిలబడి కన్నప్పన్ ఇంకో మాట చెప్పాడు. ఈ కుటుంబం ఏటా వచ్చి ఇక్కడే వండాలి, వండకపోతే మునియప్పన్‌కు కోపమొస్తుంది. పొట్లాల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తిరుగు దారిలో లారీలో పళనిస్వామి ఉండబట్టలేకపోయాడు. "ఏమన్నా అను బావా, పందెం నేనే గెలిచినాను. నిరుడు ఒకటి పోయింది, ఈ తూరి ఏడూ పోయినాయి."

"పోలేదురా. కోవెల్లో వరసగా నిలబెట్టి ఉండారు. కావల్లంటే పోయి పీక్కోని రా."

పళనిస్వామి ఆ జనాన్ని తలుచుకుని నుదుటి విభూతి తడుముకున్నాడు. ఊరు చేరేలోగా పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చారు. వంట పెత్తనం సీనప్పది, కత్తుల పెత్తనం పళనిస్వామిది.

మరుసటి ఆడికి పళనిస్వామి, ఏ దేవుడికీ అనుమానం రాకూడదని, ఏడూ నల్ల పిడివే కొన్నాడు. ఏటి నుంచి ఇంటికి రెండే తిరిగొచ్చాయి.